ఎనిమిది సిలిండర్లు, ఐదు గేర్లు, ఒక బామ్మర్ది

హిందూపురంలో రైలెక్కితే, కిటికీ పక్క సీటు కోసం మొదలైన తగాదా తేలేలోపే ధర్మవరం వచ్చేస్తుంది. అంత దగ్గర. ఆ దారికి మాకు మూడు రోజులు పట్టింది. మా వీధిలో ఒకాయన అదే మూడు రోజుల్లో విమానంలో కాశీకి పోయి, గంగలో మునిగి, తిరిగొచ్చి, అందరికీ చెంబుల్లో గంగాజలం కూడా పంచాడు. (నాకిచ్చిన చెంబు మిగతావాళ్ళ చెంబుల కంటే చిన్నది. అది వేరే సంగతి.) అయినా ప్రయాణం గురించి రాయడానికి ఆయనకంటే నాకే ఎక్కువ హక్కుందని నా నమ్మకం. ఆయన ఊరికే కూర్చున్నాడు. మేము ప్రయాణం చేశాం.

బయలుదేరకముందు

అసలు సంగతి తొమ్మిదేళ్ళ కిందటిది. ధర్మవరంలో మా బామ్మర్ది చంద్రశేఖర్ తన కొడుకుకు తొట్లె వేశాడు, అంటే ఉయ్యాల వేడుక చేశాడు. చంద్ర నా భార్య పద్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నాలుగు మగ్గాలు, ఒక చీరల అంగడి ఉన్నవాడు. భోజనాలయ్యాక, వచ్చినవాళ్ళంతా వాకిట్లో తమలపాకులు నములుతూ ఉండగా, నేను నా కారు తీశాను.

కారు అంటే మీరనుకునే కారు కాదు. యాభై ఏళ్ళ కిందట అమెరికాలో కుర్రకారు పందేలకు వాడిన రకం. పొడుగాటి ముక్కు, ఆవపిండి రంగు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఎడమవైపు స్టీరింగు. నా పట్టుదారం యూనిట్టు బాగా నడిచే రోజుల్లో బెంగుళూరులో ఒక పాత బంగళా షెడ్డులో కొన్నాను. అప్పటికి దాని వెనక సీటులో కోడి పొదుగుతూ ఉంది. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆగి తెచ్చుకున్నాను.

ఆ రోజు ఫంక్షన్ కోసమని వెనక చక్రాలకు కొత్త టైర్లు వేయించాను. అందరూ చూస్తున్నారు కదా అని ఇంజను గట్టిగా రేపి, క్లచ్ ఒక్కసారిగా వదిలాను. కింద రేకుల డబ్బాలో చెనిక్కాయలు పోసి ఊపినట్టు శబ్దం వచ్చింది. మొదటి గేరు పళ్ళు ఆరు రాలిపోయాయి.

చంద్ర గడప మీద నిలబడి అన్నాడు: "ఏం బావా, ఇంజను పులి, గేరు బాక్సు పిల్లి!"

ముప్పై రెండు మంది నవ్వారు. లెక్కపెట్టాను. ఒకాయన నోట్లో ఓళిగ, అదే బొబ్బట్టు, పెట్టుకుని నవ్వాడు. ఆ ముఖం నేను మరిచిపోలేదు. ఆపైన చంద్ర ఒక ట్రాక్టర్ పిలిపించి, కారుకు కొబ్బరి తాడు కట్టించి హిందూపురం పంపాడు. ఇనుప గొలుసు ఇంట్లోనే ఉంది. నేను చూశాను.

అక్కడే, అందరూ వింటుండగా చెప్పాను: "ఈ బండి తన గేర్ల మీద తాను నడిచొచ్చి నీ వాకిట్లో నిలబడేదాకా నీ గడప తొక్కను. నీతో మాట్లాడను."

ఇంటికొచ్చాక పద్మతో, నువ్వు కావాలంటే పోయి రా, నేను అడ్డం చెప్పను అన్నాను. ఆమె కూడా నా అంత మొండి మనిషి. "పోతే ఇద్దరం పోతాం. నేనొక్కదాన్నే బస్సు దిగి ఆ వీధిలో నడిస్తే, మీ ఆయన యాడమ్మా అని అడగరా? గేరు బాక్సు కోసరం ఇంట్లో కూచున్నాడని చెప్పల్లా?" అంది. అప్పటినుంచి ఆమె పుట్టింటి ముఖం చూడలేదు. తమ్ముడితో ఫోనులో మాట్లాడేది. నేను వినేవాణ్ణి కాదు. వంటింటి తలుపు పక్కన నిలబడ్డా వినేవాణ్ణి కాదు.

ఇక గేరు బాక్సు. చాలామంది బలమంతా ఇంజనులో ఉంటుందనుకుంటారు. ఇంజను పుట్టించిన బలమంతా చక్రాలకు పోవాలంటే, బొటనవేలంత వెడల్పు కూడా లేని పళ్ళ మీదుగా పోవాలి. పాత బాక్సు పై డొప్ప అల్యూమినియంది. బరువు పడ్డప్పుడల్లా అది కంటికి కనబడనంత విచ్చుకునేది. లోపల గేర్లు ఒకదానికొకటి దూరం జరిగేవి. అప్పుడు పళ్ళు మొదట్లో కాక, కొసల దగ్గర మాత్రమే పట్టుకుంటాయి. కొసల మీద అంత బలం పడితే ఏమవుతుందో ముప్పై రెండు మంది చూశారు.

హిందూపురంలో మస్తాన్ సాబ్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. నా వయసువాడే. అలాంటివే ఇంకో రెండు బాక్సులు తెప్పించి ఇస్తే, రెండూ చూసి పక్కన పెట్టాడు. చివరికి ఒక పాత లారీ గేరు బాక్సు తెచ్చాడు. పోత ఇనుము డొప్ప, వెడల్పాటి పళ్ళు, ఐదు గేర్లు. ఇద్దరు మనుషులు ఎత్తలేరు. దాన్ని ఆ ఇంజనుకు అతికించే ఇనుప పలక లేత్ మీద మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ నన్ను బయట నిలబెట్టాడు. గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. మొదటి గేరులో కారు ఎంత నిదానం అంటే, దారిలో చీమ అడ్డమొస్తే దాని పేరు అడిగి ముందుకు పోవచ్చు. ఈ మొదటి గేరు దండగ అని నేను అతనితో ఏడాది పాటు పోట్లాడాను. "లారీ రాళ్ళేసుకోని గడ్డ ఎక్కేదానికి పెట్టింది అప్పా అది. యాడో ఒగచోట పనికొస్తాదిలే," అనేవాడు.

బాక్సు కుదిరిన నెలలోనే చంద్ర కొత్త ఇంటి గృహప్రవేశం పత్రిక వచ్చింది. పత్రిక మీద పద్మ పేరు ముందు రాశాడు. నా పేరు తరువాత. కవరు మీద పసుపు నా పేరు మీదే పడింది.

హిందూపురం: నాలుగు నిమ్మకాయలు

ముహూర్తం బుధవారం పొద్దున పదిన్నరకు. మేము సోమవారమే బయలుదేరాం. రెండు రోజులు ముందెందుకని మీరడగవచ్చు. పద్మ కూడా అడిగింది. బండి మీద నాకు నమ్మకం ఉందని చెప్పాను. "నమ్మకం ఉండేవాళ్ళు ముహూర్తానికి గంట ముందు పోతారు," అంది.

మస్తాన్ షెడ్డు ముందు కారు నిలబెట్టగానే పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయే రైతులు గుమిగూడారు. మా ఊళ్ళో సగం తెలుగు, సగం కన్నడం. ఒకడు "ఎష్టు దుడ్డు ఇదు?" అని కన్నడంలో వెల అడిగితే ఇంకొకడు, "దుడ్లు ఎంతైతేనేమప్పా, పెట్రోలు పోసేదానికి ఇంకో మార్కెట్టు కావల్ల," అన్నాడు. వాడు మూడేళ్ళ కిందట నా యూనిట్టుకు తడిసిన గూళ్ళు అమ్మినవాడు. గుర్తుపట్టాను, మాట్లాడలేదు.

మస్తాన్ నా వైపు చూడలేదు. వెనక చక్రాల వైపు చూశాడు.

"కొత్త టైర్లు ఎందుకేసినావప్పా?"

"అరిగిపోయిన టైర్లతో వాళ్ళ వాకిట్లో నిలబడమంటావా?"

"నేను ఆ పాతవి ఊరికే పెట్టలేదు. గట్టిగా తొక్కితే టైరు జారల్ల. టైరు జారితే గేర్లు బతుకుతాయి. ఇంజనూ గట్టిది, రోడ్డు పట్టు కూడా గట్టిదైతే, నడుమ ఉండేదే ఇరిగిపోతాది. అప్పుడు కూడా కొత్త టైర్లే గదా నీవు ఏసింది?"

"బాక్సు లారీది అన్నావు కదా. లారీ బాక్సు విరుగుతుందా?"

"బాక్సు ఇరగదు," అన్నాడు. ఆ మాట మాత్రమే నేను విన్నాను. అతను ఇంకేదో చెప్పబోయాడు గానీ నేను ఇంజను స్టార్ట్ చేశాను.

పద్మ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. మా వైపు ఏ ప్రయాణానికైనా అది మామూలే. మస్తాన్ కూడా దువా చేసి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "నిదానంగా వదలప్పా," అన్నాడు. నిదానంగానే వదిలాను. నిమ్మకాయలు చితికాయి. చితికిన శబ్దం వినగలిగానంటే ఎంత నిదానమో చూడండి.

సోమందేపల్లి దాటాక

స్టీరింగు ఎడమవైపు ఉండే కారులో ఒక ఇబ్బంది ఉంది. ఈ దేశంలో డ్రైవరు కుడివైపు ఉంటాడు. అందువల్ల ఆ మూడు రోజులూ దారిలో ప్రతివాడూ పద్మనే డ్రైవరనుకున్నాడు. నేను పక్కన ఊరికే కూర్చున్న మొగుణ్ణి.

సోమందేపల్లి దాటాక పోలీసులు ఆపారు. ఇన్‌స్పెక్టరు కుడి కిటికీ దగ్గరికి వచ్చి పద్మకు నమస్కారం పెట్టి, "లైసెన్సు ఉండాదామ్మా?" అనడిగాడు.

"నా దగ్గర గ్యాస్ బుక్కు ఉండాది నాయనా," అంది పద్మ.

ఎడమవైపు నుంచి నేను లైసెన్సు చాపాను. ఆయన వంగి, పద్మ ఒడిమీదుగా నన్ను చూసి, "ఓ, మీరూ ఉండారా," అన్నాడు. టోల్ గేటు దగ్గర కూడా అంతే. చీటీ ఆమెకిచ్చారు, నమస్కారం ఆమెకు పెట్టారు. "తొమ్మిదేళ్ళు ఇంట్లో కూచున్నా గానీ, బయటికొస్తే ఎంత మర్యాదో!" అంది ఆమె. నేను మూడో గేరు నుంచి నాలుగుకు మార్చడంలో ఉన్నాను. క్లచ్ రెండుసార్లు తొక్కాలి కాబట్టి జవాబు చెప్పే తీరిక దొరకలేదు.

గేర్లు మాత్రం ఎంత బాగా నడిచాయో చెప్పాలి. పోత ఇనుము కదలదు. బరువు పడ్డా పళ్ళు నిండుగా పట్టుకుంటాయి. కింద సన్నగా ఒక రాగం, తిరగలి తిరిగినట్టు. ఆ శబ్దం విని నేను తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఎవరినీ తలుచుకోకుండా నాలుగైదు మైళ్ళు పోయాను.

పెనుకొండ: ఓబుళమ్మ హోటలు

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటినుంచి హోటళ్ళ బోర్డుల మీద కొరియా అక్షరాలు కనబడుతున్నాయి. మేము ఆగిన టీ హోటలుకు కూడా ఉంది. యజమానురాలు ఓబుళమ్మ. బోర్డు మీద ఏం రాశారని అడిగాను.

"ఇడ్లీ అని రాయమన్నా అప్పా. ఏం రాసినాడో ఏమో! ఆ దేశపాయన ఒకాయన వచ్చి, చదివి, నగుకుంటా పోయినాడు. ఇడ్లీ తినలేదు."

ఉగ్గాని (బొరుగుల ఉప్మా), మిరపకాయ బజ్జి తిన్నాం. ప్లేటు నలభై. హిందూపురంలో ముప్పై, బజ్జి కూడా పెద్దది. ఆ మాట ఆమెతో అన్నాను. "అయితే ఆడికే పోయి తిను," అంది. చెనిక్కాయ ఊరిమిండి, అదే పచ్చడి, మాత్రం మా ఊరిదానికంటే బాగుంది. ఆ మాట అనలేదు.

పక్క బల్ల మీద మెడలో కార్డులు వేసుకున్న ఇంజనీర్లు ఇద్దరు టీ తాగుతున్నారు. ఒకడు లేచి కారు చుట్టూ తిరిగాడు.

"అంకుల్, ఆటోమేటిక్కా?"

"కాదు. చేత్తో వేసే గేర్లు."

"ఇంత పెద్ద ఇంజను బలం ఈ బాక్సు తట్టుకుంటుందా అంకుల్? ఇప్పటి కార్లలో గేరు మారేటప్పుడు కంప్యూటరే ఇంజనును కొంచెం తగ్గిస్తుంది. మీ బాక్సుకు ఆ తెలివి ఉండదు కదా."

మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నంత మాత్రాన అన్న మాట మాట కాకుండా పోదు. పద్మ నా ముఖం చూసింది. "ఏమయ్యా, వద్దు," అంది. నేను అప్పటికే ఎడమవైపు తలుపు తెరిచాను.

టైర్లు రోడ్డు మీద నల్లటి గీతలు గీయాలని నా ఉద్దేశం. ఇంజను రేపాను. పాలపాకెట్ల వాడు కూడా సైకిలు ఆపాడు. క్లచ్ వదిలాను. కొత్త టైర్లు రోడ్డును పట్టుకున్నాయి, జారలేదు. కింద తుపాకీ పేలినట్టు ఒక్క శబ్దం. ఆపైన పులి గర్జిస్తూనే ఉంది గానీ కాళ్ళు కదలలేదు.

వంగి చూశాను. గేరు బాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే పొడుగాటి ఇరుసు వెనక కొస నేల మీద వేలాడుతోంది. దాన్ని చక్రాల ఇరుసుకు కలిపే, పిడికిలంత ఇనుప కీలు, మెకానిక్కులు క్రాస్ అంటారు, రెండుగా విరిగింది.

"గేరు బాక్సు బాగానే ఉంది," అని అందరికీ వినబడేలా చెప్పాను.

"బాగుండేది నడవదేం మరి?" అంది పద్మ.

మస్తాన్‌కు ఫోను చేశాను. అతను ఒకే ఒక్క మాట అడిగాడు. "టైర్లు జారినాయా?"

"లేదు."

"అయితే క్రాస్ పోయింటాది. పొద్దున బస్సుకు వస్తాలే," అని పెట్టేశాడు. చూడకుండానే చెప్పాడు. దీన్ని నేను తేలికగా తీసుకోలేదు.

ఇంజనీర్లిద్దరూ కారును హోటలు పక్కకు తోసి పెట్టడంలో సాయం చేశారు. "సారీ అంకుల్," అన్నాడు ఒకడు. ఇంకొకడు అనలేదు.

పెనుకొండ, రెండో రోజు: మిరపకాయలు

లాడ్జిలో పడుకుని పొద్దున వచ్చేసరికి నా కారు బానెట్ మీద ఓబుళమ్మ ఎండుమిరపకాయలు ఆరబోసింది. ఆవపిండి రంగు మీద ఎర్రటి మిరపకాయలు. పోపుకు నూనె ఒక్కటే తక్కువ.

"ఏందమ్మా ఇది?"

"రేకు బాగా కాగుతాండాది అప్పా. ఊరికే ఉండాది గదా."

"నేను ఈ బానెట్ మీద గుడ్డ కూడా గట్టిగా తుడవను!"

"తుడవొద్దులే. మిరపకాయలు రాలిపోతాయి," అంది.

బస్సు వచ్చింది. మస్తాన్ దిగాడు. ఒక భుజాన పనిముట్ల సంచి, రెండు చేతుల్లో రెండు అరిగిపోయిన పాత టైర్లు. కండక్టరు ఆ టైర్లకు కూడా టికెట్టు కొట్టాడట. సంచిలో నుంచి కొత్త క్రాసు ఒకటి తీశాడు. పోయిన నెలలోనే లేత్ మీద చేయించి పెట్టుకున్నాడట.

"విరుగుతుందని నీకు ముందే తెలుసా?"

"బాక్సు గురించి తెలుసు. నీ గురించి కూడా తెలుసు," అన్నాడు.

టైర్లు మార్చేది లేదని చెప్పాను. క్రాసు వెయ్యి, చాలు అన్నాను. అతను రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నాడు. "ఇది ఇరిగింది గాబట్టి నీ గేర్లు బతికినాయి అప్పా. దీన్ని గట్టిది చేసి పెట్టినానంటే తరువాత ఇరిగేది బాక్సే. ఎంత గట్టిది పెట్టినా, యాడో ఒగచోట మెత్తగా ఇడిసిపెట్టల్ల. అది టైరు దగ్గర పెట్టుకుంటే దుడ్లు తక్కువ. లోపల పెట్టుకుంటే బతుకంతా ఇదే పని."

"మార్చను," అన్నాను.

పద్మ లేచి చీర దులుపుకుంది. దర్గాకు పోదాం రా అంది. పెనుకొండ దర్గాకు అన్ని మతాలవాళ్ళూ పోతారు. మా ఇంట్లో గుడికి పోతే కొబ్బరికాయ కొట్టి తెచ్చుకుంటాం, ఇక్కడ చక్కెరకు ఫాతిహా చదివించి తెచ్చుకుంటాం, తేడా అంతే. లోపల ముసలాయన నెమలి ఈకల కట్టతో నా తల మీద ఒకసారి, పద్మ తల మీద మూడుసార్లు తట్టాడు. ఎందుకు మూడుసార్లని అడిగాను. "ఆమె ఎక్కువ సేపు అడిగింది గదప్పా," అన్నాడు. ఏమి అడిగావని ఆమెను అడిగితే, "నీకెందుకు, నీవి నీకుండాయి గదా," అని చక్కెర నా చేతిలో పోసింది.

ఆమె కిందికి వెళ్ళిపోయింది. నేను కోపంతో ఒక్కణ్ణే కొండ ఎక్కాను. పాత కోట గోడలు, కింద చెరువు, దూరంగా ఫ్యాక్టరీ ముందు వరసల్లో నిలబెట్టిన తెల్ల కార్లు, మెతుకులు ఆరబోసినట్టు. ఒక కోతి వచ్చి నా నీళ్ళ సీసా లాక్కుని, మూత తీసి, తాగి, ఖాళీ సీసా నా వైపే విసిరింది. మూత మాత్రం తన దగ్గరే పెట్టుకుంది.

దిగి వచ్చేసరికి పాత టైర్లు కారుకు ఉన్నాయి. కొత్త టైర్లు రెండూ నేల మీద పడుకోబెట్టి, మీద పలక వేసి ఉన్నాయి. ఆ పలక మీద నలుగురు కూర్చుని టీ తాగుతున్నారు.

"ఇదేంది?"

"ఓబుళమ్మకు బల్ల లేదంట. ఇచ్చేసినా," అంది పద్మ. "రేపు పదిన్నరకు ముహూర్తం. ఈ రోడ్డు మీదనే ఇంకో తొమ్మిదేళ్ళు కూచుంటానంటే చెప్పు, ఆ బల్ల మీద నేను కూడా కూచుంటా."

నలుగురూ టీ గ్లాసులు నోటి దగ్గర ఆపి నా వైపు చూశారు. నేను డ్రైవరు సీటులో కూర్చున్నాను. మస్తాన్ వెనక సీటెక్కాడు. క్లచ్ నిదానంగా వదిలి ఊరి చివరిదాకా నడిపి చూశాం. తిరిగొచ్చి ఆ రాత్రి కూడా లాడ్జిలోనే ఉన్నాం. అద్దె మొదటి రోజుకంటే యాభై ఎక్కువ. ఎందుకంటే మనుషులు ముగ్గురయ్యారట.

ధర్మవరం: పడుగు వీధి

బుధవారం తెల్లవారగానే బయలుదేరాం. రోడ్డుకు రెండు పక్కలా చెనిక్కాయ చేలు, ఎర్రమన్ను. ధర్మవరం తొమ్మిదికల్లా చేరాం. మిగిలింది నాలుగు వీధులు. ఆ నాలుగు వీధులకు గంట పట్టింది.

చంద్ర వీధికి ముందు వీధిలో పడుగు చాపారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: మగ్గానికి నిలువుగా వేసే పట్టు దారాలను వీధి పొడుగునా చాచి కట్టి, పక్కన నడుస్తూ సరిచేస్తారు. దుమ్ము పడితే పని పాడవుతుంది. ఆ వీధిలో ఎవరూ బండి వేగంగా నడపరు. పెద్ద పెద్దవాళ్ళు కూడా దిగి నడుస్తారు. నేను పట్టుదారం మనిషిని, నాకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఒకాయన చెప్పాడు: "ఇంజన్ ఆపప్పా! దుమ్ము లేసిందంటే మూడు చీరలు పోతాయి!"

ఇంజను ఆపితే తోయాలి. తోస్తే నా మాట పోతుంది. మొదటి గేరు వేశాను, ఏడాది పాటు దండగ అని పోట్లాడిన గేరు. పెడలు మీద నుంచి కాలు తీసేశాను. అంత పెద్ద ఇంజను, అంత పెద్ద కారు, పడుగు పక్కనే ఒక రేణువు లేవకుండా జరిగింది. దారం సరిచేసేవాళ్ళు మమ్మల్ని దాటి ముందుకు పోయారు.

"మనిషి కంటే నిదానంగా పొయ్యే కారు ఇప్పుడే చూస్తాండా," అన్నాడు ఆయన.

వెనక సీటు నుంచి మస్తాన్ నవ్వు వినిపించింది. అద్దంలో చూశాను. నవ్వు ఆపలేదు.

ర్యాంపు

చంద్ర కొత్త ఇల్లు రెండంతస్తులు. ముందు మురికి కాలువ. ఆ కాలువ మీదుగా వాకిట్లోకి నిటారుగా ఒక ర్యాంపు. దానికి నున్నటి గ్రానైటు పరిచాడు. పొద్దున్నే కడిగారు కూడా. మామిడాకుల తోరణాల కింద జనం. ఎంతమంది అని లెక్కపెట్టాను. నలభై ఒకటి. అందులో ఓళిగ ముఖం కూడా ఉంది.

చంద్ర గడప దగ్గర నిలబడి ఉన్నాడు. లావయ్యాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి, దించుకున్నాడు.

నేను ర్యాంపు ఎక్కించాను. ముందు చక్రాలు ఎక్కాయి. వెనక చక్రాలు తడి గ్రానైటు మీదికి రాగానే జారాయి. ఇంకొంచెం తొక్కాను. అరిగిన టైర్లు అక్కడే గిర్రున తిరిగి పొగ చిమ్మాయి. గేర్లకు ఏమీ కాలేదు. మస్తాన్ చెప్పింది చెప్పినట్టే జరిగింది: టైరు జారింది, గేరు బతికింది. నేను మాత్రం సగం ర్యాంపు మీద, ముక్కు పైకెత్తి, ఇంటికీ వీధికీ మధ్య.

అప్పుడు వెనక నుంచి పురోహితుడి గొంతు: "ఎవరిదండీ ఈ బండి? గోవు పోవాలి!"

గృహప్రవేశానికి ఇంట్లోకి మొదట పోవలసింది ఆవు, దూడ. వాటికి దారి ఈ ర్యాంపు ఒక్కటే. ఆవు మెడలో పూలదండతో నా డిక్కీ వెనక నిలబడి ఉంది. దాని చూపు నా టైర్ల మీద ఉంది. దూడ చూపు కూడా.

"పది నిమిషాలుంది ముహూర్తానికి!"

"తోసేద్దాం పట్టండబ్బా!" అని నలుగురు ముందుకొచ్చారు.

"ఎవరూ ముట్టుకోవద్దు!" అని అరిచాను.

పద్మ కుడివైపు దిగింది. అందరూ డ్రైవరు దిగిందనుకుని పక్కకు జరిగారు. గడప దాకా నడిచింది. ఆమె తమ్ముడి భార్య చెయ్యి చాచి "రా వొదినా," అంది. పద్మ చెయ్యి అందుకోలేదు. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే నాకు జవాబుండేది. పుట్టింటికి ఒక్క అడుగు దూరంలో, నన్ను వదిలి పోలేనన్నట్టు, ఉత్తినే నిలబడింది.

వెనక సీటు నుంచి మస్తాన్ మెల్లగా అన్నాడు. "తోసే పన్లేదప్పా. డిక్కీ మీద బరువు పెట్టు. బరువు పడితే టైరు పట్టుకుంటాది. మొదటి గేరుకు అదే ఎక్కుతాది."

"బరువా? ఎక్కడుంది బరువు?"

మస్తాన్ గడప వైపు చూశాడు. నేనూ చూశాను. నలభై ఒక్క మందిలో అంత బరువున్నవాడు ఒకడే.

తొమ్మిదేళ్ళుగా ఆ మనిషితో మాట్లాడితే మొదటి మాట ఏమనాలో నేను చాలాసార్లు అనుకున్నాను. పెద్ద పెద్ద మాటలే తయారుచేసి పెట్టుకున్నాను. ఆవు అరిచింది. పురోహితుడు గడియారం చూశాడు. పద్మ ఇంకా గడప దగ్గరే ఉంది.

"చంద్రా," అన్నాను. "వచ్చి డిక్కీ మీద కూచో."

అతను పట్టుపంచె పైకి కట్టి, వచ్చి ఎక్కాడు. కారు వెనక భాగం మూలిగి కిందికి దిగింది. "చాలదు," అన్నాడు మస్తాన్. ఓళిగ ముఖాన్ని కూడా పిలిచాను. అతనూ ఎక్కాడు.

మొదటి గేరు. పెడలు మీద కాలు లేదు. అరిగిన టైర్లు గ్రానైటును మెల్లగా పట్టుకున్నాయి. కింద ఆ తిరగలి రాగం. ఒక్కొక్క జానెడు చొప్పున కారు ఎక్కి వాకిట్లో నిలబడింది. తన గేర్ల మీద, తానే నడిచి. వెంటనే ఆవు వచ్చింది, దూడ వచ్చింది, ఆవు వెనకనే పద్మ గడప దాటింది. తరువాత ఆమె నా వైపు చూడలేదు. లోపల అరుపులు, ఏడుపులు, నవ్వులు కలిసి వినిపించాయి. నేను కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

చంద్ర డిక్కీ దిగి, పంచె దులుపుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. కుడివైపు కిటికీ దగ్గరికి. నేను లేనని గమనించి, ఎడమవైపుకు తిరిగొచ్చాడు.

"బావా, గేరు బాక్సు పులే," అన్నాడు. వంగి వెనక చక్రాల వైపు చూశాడు. "టైర్లు మాత్రం గుండు."

నలభై ఒక్క మంది నవ్వారు. ఆవు కాచేవాడితో కలిపి నలభై రెండు.

"ఆ మాట నువ్వు ఆ రోజు అనకుండా ఉంటే…" అన్నాను.

"నేను ఎందుకన్నానో అడగవా? దానికి గంట ముందు నువ్వు నా మొదటి డిజైను చీర చూసి ఏమన్నావు? 'దుప్పటి బాగుంది చంద్రా' అన్నావు. ముప్పై రెండు మంది ముందర!"

అతను కూడా లెక్కపెట్టాడు. నేనలా అన్నట్టు నాకు గుర్తు లేదు. అన్నా కూడా ఆ అంచు వెడల్పు చూస్తే అందులో అబద్ధమేమీ లేదు. మస్తాన్ మాకు చెరొక ఓళిగ తెచ్చి ఇచ్చాడు. నోట్లో పెట్టుకున్నాక మాట్లాడటం కుదరలేదు.

తిరుగు దారి

మరుసటి రోజు పొద్దున బయలుదేరుదామని పద్మను పిలిచాను. ఆమె మరదలితో కలిసి మేడమీద ఉంది. పిట్టగోడ మీదుగా వంగింది.

"నువ్వు పోయ్యా. నేను పదైదు దినాలు ఉండి వస్తా."

"ఒక్కణ్ణే ఎలా పోను?"

"ఒక్కడివేంది? గేరు బాక్సు ఉండాది గదా తోడు," అని లోపలికి పోయింది.

మస్తాన్ ముందుకొచ్చి ఆమె సీట్లో కూర్చున్నాడు. సోమందేపల్లి దగ్గర అదే ఇన్‌స్పెక్టరు ఆపి, కుడివైపు కిటికీలో అతన్ని చూసి, "ఆ అమ్మ యాడ?" అనడిగాడు.

"పుట్టింట్లో ఉండాది సార్," అన్నాడు మస్తాన్.

"మంచిది," అని నమస్కారం పెట్టి వదిలేశాడు. లైసెన్సు అడగలేదు. నా వైపు చూడనూ లేదు.